పాత్ర ఎవరిది?

ఆలయమునకు పోయి అర్చన చేయించుకొన్న తెలుగువాడు తీర్థము, ప్రసాదము రెండును పుచ్చుకొని ఇంటికి వచ్చును. ఆ రెంటిని కలిపి తీర్థప్రసాదములని ఒక్క మాటగా పలుకుట అతని భాషకు అలవాటు. అర్చకుడు ప్రసాదమును మాత్రము భక్తుని చేతిలో పెట్టి, తీర్థమును తానొక్కడే గ్రోలి, ప్రసాదమునందే తీర్థఫలము కూడ ఇమిడియున్నది గనుక నీకు లోటేమియు లేదని చెప్పెననుకొందము. ఫలము విషయమున అర్చకుని మాట నిజమే కావచ్చును. కాని భక్తుడు వెంటనే మరియొకటి అడుగును: లోటు లేనిచో నీవేల త్రాగితివి?

కతోలిక శ్రీసభలో ఈ ప్రశ్న ఆరువందల ఏండ్లకు పైగా నిలిచియున్నది. బలిపూజలో గురువు అప్పమును, ద్రాక్షారసమును ఆశీర్వదించును. అవి క్రీస్తు శరీరరక్తములగునని కతోలికుల విశ్వాసము. గురువు అప్పమును భుజించును, పాత్రనుండి త్రాగును. పిమ్మట సామాన్య విశ్వాసులు వరుసగా వచ్చి నిలుతురు. వారికి అప్పము లభించును. పాత్ర మాత్రము పెక్కు తావుల బలిపీఠము మీదనే ఉండిపోవును. ఒక రూపమున స్వీకరించుట, రెండు రూపముల స్వీకరించుట అని పండితులు పేర్లు పెట్టిన వివాదమిదియే. దీని కొరకు మహాసభలు కూడినవి, యుద్ధములు జరిగినవి, ఊళ్లు కాలినవి. నేడు శ్రీసభ నియమములే రెండు రూపములకును అనుమతి నిచ్చుచుండగా, విశ్వాసి మాత్రము నాటివలెనే ఒక రూపముతో తృప్తిపడి తిరిగి పోవుచున్నాడు. ఇది తగునా అన్నదే ఇక్కడి విచారణ.

మొదట ప్రతిపక్షము యొక్క బలమైన వాదమును న్యాయముగా చెప్పవలెను. ఉత్థానుడైన క్రీస్తు అవిభాజ్యుడు. అతని శరీరమొక చోట, రక్తమొక చోట ఉండవు. కావున అప్పము రూపమున గాని, ద్రాక్షారస రూపమున గాని సంపూర్ణ క్రీస్తే కలడు. అప్పమును మాత్రము స్వీకరించినవాడు సగము క్రీస్తును గాక పూర్ణ క్రీస్తును స్వీకరించినవాడే యగును. ఇది కతోలిక సిద్ధాంతము. ఆ విశ్వాసమును అంగీకరించినవానికి ఇందు దోషమేమియు కనబడదు. రోగియై మంచము పట్టినవానికి అప్పపు తునకయే చాలును. మింగలేని పసిబిడ్డకు ద్రాక్షారసపు చుక్కయే చాలునని ప్రాచీనులును ఎరుగుదురు.

కాని ఈ సిద్ధాంతము ఎంతవరకు పోవునో అంతవరకే దానిని పోనీయవలెను. ఒక రూపము చాలునని అది స్థాపించును. రెండవ రూపమును ఇయ్యరాదని అది స్థాపింపదు. చాలుట వేరు, చాలునని ఆపుట వేరు. ఆకలిగొన్నవానికి అన్నమే చాలునని వైద్యుడు చెప్పవచ్చును. ఆ మాట పట్టుకొని పెండ్లివారు విస్తరిలో అన్నము మాత్రము వడ్డించి కూరలు లోపల పెట్టుకొన్నచో అది వైద్యశాస్త్రమనిపించుకొనదు. సిద్ధాంతమును కవచముగా తొడిగికొని ఆచారము దాని వెనుక నిలిచినది. ఆచారమునకు పుట్టుక ఎక్కడిదో చూచినగాని ఈ సంగతి తేటపడదు.

మత్తయి సువార్తలో కడరా భోజన ఘట్టమును చదివినవారికి ఒక విశేషము కనబడును. రొట్టె నిచ్చునపుడు తీసికొని భుజింపుడని మాత్రమే ఉన్నది. పాత్ర నిచ్చునపుడు అందరును త్రాగవలెనని ప్రత్యేకించి చెప్పబడినది. అందరును త్రాగిరని మార్కు సువార్త చెప్పుచున్నది. అచట ఉన్నవారు అపొస్తలులే, వారు గురువులకు మూలపురుషులు, కావున పాత్ర గురువులకే చెందునని కొందరు వాదించిరి. అట్లయినచో రొట్టెను తీసికొన్నవారును ఆ అపొస్తలులే గదా! పాత్రను గురువులకు పరిమితము చేసిన తర్కము రొట్టెను కూడ వారికే పరిమితము చేయవలెను. అంతవరకు పోవుటకు ఎవరును సాహసింపలేదు. పౌలు కొరింథు సంఘమునకు వ్రాసినపుడు గురువులకు వేరుగా, గృహస్థులకు వేరుగా వ్రాయలేదు. సంఘమంతయు రొట్టె తినుటను, పాత్రలోనిది త్రాగుటను గూర్చియే ముచ్చటించెను. ఆ లేఖలోనే ఒకచోట ‘గాని’ అను ప్రత్యయము కలదు, రొట్టె తినినను గాని పాత్ర త్రాగినను గాని అను అర్థము వచ్చును, కావున ఒకటి చాలునని ప్రతిపక్షులు చూపుదురు. చాలునన్న సంగతి పైన ఒప్పుకొన్నదే. ఒక ప్రత్యయమును ఆధారముగా చేసికొని ఒక పాత్రను దాచుట మాత్రము వ్యాకరణమునకు మించిన భారము.

తొలి శతాబ్దముల ఆచారము గూర్చి వివాదమే లేదు. సామూహిక ఆరాధనలో విశ్వాసులు రెండు రూపములను స్వీకరించుచుండిరి. అయిదవ శతాబ్దమున రోములో ఒక విపరీత సంఘటన జరిగెను. ద్రాక్షారసము పాపపదార్థమని తలచు మానీ మతస్థులు రహస్యముగా కతోలికుల నడుమ చేరి, అప్పమును తీసికొని పాత్రను తప్పించుకొనుచుండిరి. 440 నుండి 461 వరకు పోపుగా నున్న మొదటి లియో ఆ గుర్తును బట్టియే వారిని పట్టుకొనవచ్చునని ప్రజలను హెచ్చరించెను. ఆ శతాబ్దపు చివర, 492 నుండి 496 వరకు పోపుగా నున్న గెలాసియుస్, శరీరమును స్వీకరించి పాత్రను విడుచువారిని గూర్చి విని, రెంటిని స్వీకరింపవలెను లేదా రెంటికిని దూరముగా ఉండవలెనని, ఏకమైన రహస్యమును విభజించుట గొప్ప అపచారమని తీర్మానించెను. ఆ మాట మానీ మతస్థులను ఉద్దేశించినదని తరువాతివారు సమాధానము చెప్పిరి. కావచ్చును. అయినను ఒకనాడు పాత్రను తాకనివాడు పరమతస్థుడని పట్టుబడెను. వేయి ఏండ్ల తరువాత పాత్రను కోరినవాడు పాషండుడని పట్టుబడెను. గుర్తు తలక్రిందులైనది. ఈ మార్పునకు కారణము చెప్పవలసిన బాధ్యత మార్చినవారిదే గాని పాతదానిని కోరువారిది కాదు.

కారణము తొలుత భక్తియే. పన్నెండవ, పదమూడవ శతాబ్దములలో పశ్చిమ యూరపున జనసంఖ్య పెరిగెను. పవిత్ర రక్తము ఒక బొట్టైనను నేల రాలునేమో యన్న భయమును పెరిగెను. వృద్ధులు, బాలురు, అజాగ్రత్తపరులు వచ్చి త్రాగుచో ఒలుకవచ్చునని 1274లో మరణించిన తోమా అక్వినాస్ వ్రాసెను; కొన్ని దేవాలయములలో ప్రజలకు పాత్ర ఇయ్యని ఆచారము వివేకవంతమైనదని చెప్పెను. ఇది ప్రేమతో పుట్టిన భయము. దీనిని ఎగతాళి చేయరాదు. కాని ప్రేమతో పుట్టిన భయము కూడ పెరిగి గోడ కాగలదు.

ఆ గోడ ఎట్లు లేచెనో 1281లో ఇంగ్లండులోని లాంబెత్ సభ నిర్ణయములలో చూడవచ్చును. చిన్న దేవాలయములలో పూజ చేయు గురువునకు మాత్రమే పాత్రలోని పవిత్ర రక్తము చెందును. ప్రజలకు అప్పము ఇచ్చిన పిమ్మట వట్టి ద్రాక్షారసము, ఆశీర్వదింపనిది, గొంతు తడియుటకు ఇయ్యబడును. ఇది రక్తము కాదని, అప్పమును సులువుగా మింగుటకు మాత్రమేనని గురువులు వారికి బోధింపవలెను. ఈ ఏర్పాటును కొంచెము నిలిచి చూడవలెను. ప్రజలు వరుసలో వచ్చుచుండిరి. వారి పెదవులకు పాత్ర అందుచుండెను. దానినుండి వారు త్రాగుచుండిరి. వారి గడ్డములు అడ్డు రాలేదు, జనసంఖ్య అడ్డు రాలేదు, ఖర్చు అడ్డు రాలేదు. పాత్రలోని పదార్థము మాత్రము మారిపోయెను. కష్టమంతయు పడి, కానుకను తీసివేసి, రూపమును మిగిల్చిరి.

అదే మధ్యయుగమున ఒక సామాన్య విశ్వాసికి మాత్రము పాత్ర దొరకుచుండెను. ఫ్రాన్సు రాజు తన పట్టాభిషేక దినమున రెండు రూపములను స్వీకరించుచుండెను. అతడు గురువు కాడు, బలి సమర్పించువాడు కాడు. అతని చేయి ఇతరుల చేతులకంటె స్థిరమైనదనియు, అతని గడ్డము ఇతరుల గడ్డములకంటె శుభ్రమైనదనియు ఏ శాస్త్రమును చెప్పలేదు. అతడు రాజు. అంతే.

ఇచట ప్రతిపక్షులు ఒక మాట చెప్పుదురు, దానిని వినవలెను. గురువు పాత్రను త్రాగుట గౌరవచిహ్నము కాదు. బలి సంపూర్ణమగుటకు బలి చేయువాడు రెండు రూపములను స్వీకరింపవలెను. తాను పూజ చేయక ఇతరుల పూజలో పాల్గొనునపుడు గురువు కూడ పూర్వము అప్పమునే స్వీకరించుచుండెనని వారందురు. ఇది సత్యము. కాని ఆ గురువు మరునాడు తాను పూజ చేయునపుడు పాత్రను త్రాగును. సామాన్య విశ్వాసికి పుట్టినది మొదలు గిట్టువరకు ఆ మరునాడు రాదు. అంతేగాక బలి చేయువానికే పాత్ర అను సూత్రము నిజముగా సూత్రమే యైనచో, అది రాజు దగ్గరకు వచ్చి ఏల తల వంచెను? ఒక్క కిరీటముతో సడలిన నియమము దైవనియమము కాజాలదు. అది మనుష్యులు చేసిన తారతమ్యము.

తారతమ్యమన్న మాట ఆరోపణగా వినబడవచ్చును. సమకాలికుల సాక్ష్యమే చాలును. పారిస్ విశ్వవిద్యాలయమునకు అధిపతియై, తన కాలపు మహాపండితులలో ఒకడైన జాన్ గెర్సన్ 1417లో సామాన్యులకు పాత్ర ఇయ్యరాదని ఒక గ్రంథము వ్రాసెను. రసము ఒలుకును, పురుషుల గడ్డములకు అంటును, ఎక్కువకాలము ఉంచినచో పులిసిపోవును, చలికాలమున గడ్డకట్టును, అంతమందికి కొనుట ఖర్చు. ఇవి అతడు చూపిన చిక్కులు. వీనితోబాటు అతడు మరియొక హేతువును కూడ దాపరికము లేక చెప్పెను: పాత్ర ఇచ్చినచో స్వీకారము విషయమున సామాన్యుని గౌరవము గురువు గౌరవముతో సమానమగును. గడ్డములకు, చలికి, పులుపునకు ఉపాయములు కలవు. ఈ చివరి హేతువునకు మాత్రము ఉపాయము లేదు. ఏలన అది చిక్కు కాదు, కోరిక.

ఈ నేపథ్యమున బొహీమియా దేశపు కథ అర్థమగును. 1414లో ప్రాగ్ నగరమున యాకోబెక్ అను గురువు, అతని మిత్రులు ప్రజలకు మరల పాత్ర నందింపసాగిరి. ఆ ఏడే కాన్‌స్టన్స్ నగరమున మహాసభ కూడెను. బోహీమియనుల ప్రియబోధకుడైన యాన్ హుస్ ఆ నగరమున చెరలో పడెను. మహాసభ 1415 జూన్ 15న తన నిర్ణయమును ప్రకటించెను. క్రీస్తు రెండు రూపములతో ఈ సంస్కారమును స్థాపించెననియు, ఆది శ్రీసభలో విశ్వాసులు రెండు రూపములను స్వీకరించుచుండిరనియు ఆ నిర్ణయమే ఒప్పుకొనెను. ఒప్పుకొని, అయినను అపాయములను నివారించుటకు వచ్చిన ఆచారమును శాసనముగా ఎంచవలెనని, ఎదిరించువారు దండనార్హులని చెప్పెను. చరిత్రలో ఇంత నిష్కపటమైన శాసనము అరుదు. స్థాపకుని పద్ధతి ఇది, పూర్వుల పద్ధతి ఇది, మా పద్ధతి వేరు అని అది తానే సాక్ష్యమిచ్చుచున్నది. హుస్ ఆ నెలలోనే చెరనుండి తన వారికి లేఖ వ్రాసి పాత్రను ఎదిరింపవద్దని కోరెను. జూలై 6న అతనిని సజీవముగా దహించిరి. పాత్ర ఒక్కటే అతని నేరము కాదు. కాని ఆ చితినుండి లేచిన జనులకు పాత్రయే పతాకమైనది.

1420లో ప్రాగ్ వారు ప్రకటించిన నాలుగు సూత్రములలో రెండు రూపముల స్వీకారమొకటి. మిగిలిన మూడు దైవవాక్య ప్రబోధ స్వేచ్ఛ, గురువుల నిరాడంబర జీవనము, ఘోరపాపములకు ఎవరికైనను ఒకటే శిక్ష. ఈ నాల్గింటి నడుమ పాత్ర ఏల చేరినదో గ్రహించుట కష్టము కాదు. పెద్ద చిన్న తేడా పోవలెనన్నదే ఆ నాలుగును కోరినవి. పిమ్మట వచ్చిన యుద్ధములలో రెండు పక్షముల వారును క్రూరకృత్యములు చేసిరి. పాత్ర లేక మోక్షమే లేదని హుస్ పక్షమున పలువురు పట్టుపట్టిరి. అది అతివాదము, రోగికి అప్పపు తునక ఇచ్చి సాగనంపిన తరతరముల గురువులను అది దోషులను చేయును. న్యాయమైన కోరికను అతివాదముతో చెప్పువాడు తన కోరికకే శత్రువగును.

అయినను ఒకసారి రాజీ కుదిరెను. బాసెల్ మహాసభతో జరిగిన సంప్రదింపుల ఫలితముగా 1436లో యిహ్లవ పట్టణమున ఒడంబడిక ప్రకటింపబడెను. బొహీమియా, మొరావియా దేశములలో కోరిన పెద్దలకు పాత్ర ఇయ్యవచ్చును. ఒక్కొక్క రూపమునను సంపూర్ణ క్రీస్తే కలడని గురువు వారికి బోధింపవలెను. సిద్ధాంతమునకు భంగము లేదు, జనులకు లోటు లేదు. ఇంతకంటె వివేకవంతమైన పరిష్కారము నేటికిని ఎవరును కనిపెట్టలేదు. 1462లో రెండవ పయస్ పోపు దానిని రద్దు చేసెను. సిద్ధాంతమునకు అపచారము జరుగుననియే ఇన్నాళ్లు వాదించినవారు, సిద్ధాంతమునకు రక్షణ నిచ్చిన ఒడంబడికను ఏల సహింపలేకపోయిరి?

ప్రాగ్ నగరపు పాతబస్తీ చౌకమున తీన్ దేవాలయము కలదు. దాని రెండు గోపురముల నడుమ బోహీమియనులు బంగారు పూత పూసిన పెద్ద పాత్రను నిలిపియుండిరి. 1620 నవంబరు 8న శ్వేతపర్వత యుద్ధమున చెకు ప్రభువులు ఓడిపోయిరి. మరుసటి ఏడు జూన్ 21న ఆ చౌకముననే ఇరువది యేడుగురు నాయకుల తలలు, ప్రాణములు పోయెను. తరువాత గోపురముల నడుమ పాత్రను దింపి మరియమాత విగ్రహమును నిలిపిరి. కరిగించిన ఆ పాత్ర బంగారమే మాత తలచుట్టు కాంతివలయమైనదని చెప్పుకొందురు. తల్లి శిరస్సునకు వెలుగు చేయుటకు పిల్లల చేతి పాత్రను కరగింపవలెనా? ఏ తల్లియు అట్టి ఆభరణమును కోరియుండదు.

నడుమ త్రెంతు మహాసభ ఈ విషయమును 1562 జూలై 16న విచారించెను. రెండు రూపముల స్వీకారము అందరికిని దైవాజ్ఞ కాదనియు, ఏ రూపముననైనను సంపూర్ణ క్రీస్తే కలడనియు తీర్మానించెను. పాత్రను సామాన్యులకు అనుగ్రహించుటయా మానుటయా అను నిర్ణయమును పోపునకు వదలెను. చక్రవర్తి మొదటి ఫెర్డినాండు, బవేరియా ప్రభువు కోరికలపై నాల్గవ పయస్ పోపు 1564లో జర్మను దేశములలో కొన్నిచోట్ల పాత్రకు అనుమతి నిచ్చెను. బవేరియాలో ఆ అనుమతి 1571కే ముగిసెను. పాత్ర కోరుట పరపక్షమునకు చిహ్నమైనదని భయపడిరి. లూథరు అనుచరులు పాత్ర నిత్తురు గనుక మనము ఇయ్యరాదు. ఇదియే నాటి తర్కము. పొరుగువాడు దీపము పెట్టెనని మన ఇంట చీకటి ఉంచుకొనుట వంటిది.

ఇంతలో తూర్పు సంప్రదాయపు కతోలికులు, పోపు ఆధిపత్యమును అంగీకరించినవారే, తమ పూర్వాచారమును విడువలేదు. బైజాంతియ సంప్రదాయమున పులిసిన రొట్టె తునకలను పాత్రలోని రసమున వేసి చెంచాతో విశ్వాసుల నోట నిత్తురు. అచట రక్తము ఒలికిపోలేదు, భక్తి తగ్గలేదు, విశ్వాసము చెడలేదు. ఒకే పోపు క్రింద, ఒకే విశ్వాసమున, ఒక సోదరునికి పాత్ర అందుచు, రెండవ సోదరునికి అందకుండినచో అపాయ భయమన్న హేతువు ఎట్లు నిలుచును? అపాయము అక్షాంశ రేఖాంశములను బట్టి మారునా?

చివరకు ఇరువదవ శతాబ్దమున శ్రీసభయే తలుపు తెరచెను. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ప్రకటించిన ఆరాధన పత్రము రెండు రూపముల స్వీకారమును కొన్ని సందర్భములలో గురువులకు, సన్యాసులకు, సామాన్యులకు అనుమతించెను. క్రొత్తగా అభిషిక్తుడైన గురువు, వ్రతము పట్టిన సన్యాసి, జ్ఞానస్నానము పొందిన విశ్వాసి అందు చెప్పబడిన ఉదాహరణములు. 1970లో ఆ సందర్భములు విస్తరించినవి. 1978లో అమెరికా బిషపులు ఆదివారపు పూజలకును దానిని విస్తరింపజేసిరి. 2002లో వెలువడిన పూజాగ్రంథపు సాధారణ సూచనలు రెండు రూపముల స్వీకారము సంకేతముగా మరింత పూర్ణమైనదని స్పష్టముగా చెప్పి, దీనిని తన మేత్రాసనమున విస్తరించు అధికారమును మేత్రాణులకు ఇచ్చినవి. పాత్రనుండి త్రాగుటయే కాక, అప్పమును రసమున ముంచి ఇచ్చు పద్ధతిని కూడ అవి ఆమోదించినవి. గోధుమ పడని రోగులు ద్రాక్షారసమును మాత్రమే స్వీకరింపవచ్చునని 2003లో రోము మరల తెలిపెను. శతాబ్దముల తరువాత శాస్త్రము సామాన్యుని పక్షమునకు వచ్చినది.

మరి పాత్ర ఎచట? తెలుగునాట పెక్కు విచారణలలో ఆదివారపు పూజలో విశ్వాసికి అప్పమే. పండుగకును అప్పమే. పెండ్లినాడు వధూవరులకు ఒక్కసారి దొరికినచో దొరుకును. ‘దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడు’ అన్న సామెతను తెలుగువారు వేరొక సందర్భమున పుట్టించిరి. అది ఇచట ఇంత చక్కగా అతుకునని వారు ఊహించియుండరు.

ఇయ్యకుండుటకు నేడు చెప్పు హేతువులు కొన్ని కలవు. జనము ఎక్కువ, ఎంత రసము కావలయునో తెలియదు, మిగిలినచో చిక్కు. 2004లో రోము ఇచ్చిన సూచన కూడ ఈ సంగతిని ఎత్తిచూపినది. నిజమే. వేలమంది కూడు ఉత్సవమున పాత్ర సాధ్యము కాదు. కాని ఉత్సవమున సాధ్యము కానిది ఇరువదిమంది వచ్చు ప్రాతఃకాల పూజలో ఏల సాధ్యము కాదు? అన్నదానమున నేయి వడ్డించుట కష్టమని ఇంటి విస్తరిలో కూడ నేయి మానుదుమా? ఖర్చు మరియొక హేతువు. దేవాలయమునకు రంగులు వేయించుటకు, మైకులు కొనుటకు చందాలు వేసికొను విశ్వాసులు నాలుగు సీసాల ద్రాక్షారసమునకు వెనుదీయరు. మద్యము మానినవారి సంగతియేమి అని కొందరు అడుగుదురు. పాత్ర ఎవరికిని నిర్బంధము కాదు; కోరనివారు అప్పమును మాత్రము స్వీకరింపవచ్చునని నియమమే చెప్పుచున్నది.

అన్నింటికంటె గట్టిది అంటువ్యాధి భయము. 2020లో మహమ్మారి వచ్చినపుడు పాత్ర నిచ్చు దేశములలో కూడ దానిని ఆపిరి. ఆపుట ధర్మమే. ప్రాణము కంటె ఆచారము గొప్పది కాదు. కాని వ్యాధి తగ్గిన పిమ్మట దేవాలయములు తెరచిరి, పాటలు మొదలయ్యెను, చేతులు కలిపిరి, విందులు జరిగెను. పాత్ర మాత్రము అనేక చోట్ల తిరిగి రాలేదు. పోగొట్టినవానిలో తేలికగా మరువబడినది అదియే. అంటు భయము నేటికిని ఉన్నదనువారు ముంచి ఇచ్చు పద్ధతిని అవలంబింపవచ్చును. అందు ఎవరి పెదవియు పాత్రను తాకదు. ఒకే పీఠమున పలువురు గురువులు కలిసి పూజ చేయునపుడు ఒకే పాత్రనుండి వరుసగా త్రాగుట కూడ జరుగుచున్నది. సూక్ష్మక్రిములు అభిషేకమును చూచి వెనుకకు తగ్గవు.

ఈ దేశమున ఈ విషయమునకు మరియొక బరువు కలదు. ప్రాగ్ నగరమున పాత్ర గురువునకు, గృహస్థునకు నడుమ తేడాను సూచించెను. భారతదేశమున పాత్ర అంతకంటె లోతైన గాయమును తాకును. పైన చెప్పిన ఆలయపు ఉపమానమున ఒక సంగతి చెప్పక మిగిలినది. తీర్థప్రసాదముల మాట అటుండగా ఆ గుడి వాకిలి దాటుటకే అనుమతి లేని జనులు తరతరములుగా వెలుపల నిలిచిరి. వారి బిడ్డలలో అనేకులు నేడు తెలుగునాట క్రైస్తవ దేవాలయములలో మోకరించుచున్నారు. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ 2022లో కార్డినలుగా నియమింపబడి, ఆ పదవి నందిన మొదటి దళితుడైనపుడు ఆ జనుల హృదయము ఉప్పొంగెను.

ఆ జనులకు గ్లాసు అనగా ఏమో బాగుగా తెలియును. తెలుగు పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలము సాగినదో, దానిపై ఎన్ని పోరాటములు జరిగినవో చెప్పనక్కరలేదు. అందరికిని ఒకే టీ. గ్లాసులు మాత్రము వేరు. కొట్టువాడు టీ ఇయ్యను పొమ్మనలేదు. లోటు లేదు, రుచిలో తేడా లేదు, పైకము కూడ ఒకటే అనవచ్చును. తేడా టీలో లేదు, పాత్రలో ఉన్నది. అట్టి దేశమున ఒకే పాత్రనుండి భూస్వామి, కూలీ, గురువు, సామాన్యుడు, ఆడువారు, మగవారు వరుసగా త్రాగుటకంటె గొప్ప ప్రబోధము మరియొకటి ఉండునా? వేయి ఉపన్యాసములు చేయజాలని పనిని ఆ ఒక్క గ్రుక్క చేయును.

క్రైస్తవ దేవాలయముల లోపలికి కులము రాలేదనుట సత్యము కాదు. తమిళనాట తిరునెల్వేలి సీమలోని వడక్కన్‌కుళం కతోలిక దేవాలయమున కులములను వేరు చేయుచు గోడ నిలిచియుండెను; ఆ గోడను 1910లో కూలద్రోసిరి. పాత్రను ఇయ్యకుండుటకు ఈ దేశపు కులమే కారణమనుట న్యాయము కాదు. ఆ నియమము రోమునుండి వచ్చినది, యూరపు చలిలో, యూరపు భయములలో పుట్టినది. కాని ఇచటికి వచ్చిన పిమ్మట అది ఎరుగకయే ఒక మేలు చేసిపెట్టినది. ఆ మేలు చేసినది బలవంతునికి. తక్కువ కులమువాని పెదవి తాకిన పాత్రను తన పెదవికి చేర్చుకొనవలసిన పరీక్ష అతనికి రాకుండ కాపాడినది. గోడ కూలుట అందరికిని కనబడును. ఇయ్యని పాత్ర ఎవరికిని కనబడదు. అందుచేత గోడలు కూలినను పాత్ర రాలేదు.

ముంచి ఇచ్చు పద్ధతి ఈ పరీక్షను మరల తప్పించును గదా అని ఎవరైన అడుగవచ్చును. తప్పించును. అది వ్యాధి కాలమునకు మేలైన మార్గము; శూన్యము కంటె ఎంతయో మెరుగు. కాని సాధ్యమైన చోట, ఆరోగ్యమునకు భంగము లేనపుడు, ఒకే పాత్ర చేతులు మారుటయే ఈ దేశమునకు కావలసిన సంకేతము.

కోరబడునది విప్లవము కాదు. క్రొత్త సిద్ధాంతము కాదు. అప్పము చాలదని ఎవరును అనుటలేదు. అప్పము మాత్రము స్వీకరించి గతించిన కోట్ల జనుల భక్తికి కళంకము తెచ్చుట ఎవరికిని ఇష్టము లేదు. కోరబడునది 1436లో యిహ్లవలో ఒప్పుకొన్నంతయే, 2002లో రోము ఒప్పుకొన్నంతయే. మేత్రాణులు తమకు ఇయ్యబడిన అధికారమును వినియోగింపవలెను. విచారణ గురువులు చిన్న పూజలతో మొదలు పెట్టవలెను. కడరా భోజనమును స్మరించు పవిత్ర గురువారము నాడైనను పాత్ర పీఠము దిగి రావలెను. ఆ రాత్రి కథను చదివి, అందరును త్రాగవలెనన్న మాటను బిగ్గరగా వినిపించి, వెంటనే ఒక్కడే త్రాగుట చూచువారికి వింతగా ఉండదా? విశ్వాసులు కూడ అడుగుట నేర్వవలెను. ఆరువందల ఏండ్లు ఇయ్యకపోవుటచేత అడుగుటయే అపచారమని వారు నమ్మియున్నారు. అది వినయము కాదు, అలవాటు.

శ్రీసభకు పాత్ర యజమానురాలా, వడ్డించునదియా అన్నదే చివరి ప్రశ్న. విందు ఇచ్చినవాడు వేరు. అతడు పాత్రను ఎత్తి ఎవరికి చూపెనో అందరికిని తెలియును. వడ్డించువారు విస్తళ్లను చూచి వడ్డింపవలెను గాని, కూర్చున్నవారి అంతస్తును చూచి కాదు.